లాలాజల పరీక్ష ఎవరి కొఱకు?

రోగము దేహమున ప్రవేశించిన దినమునకును, రోగి వైద్యుని యెదుట నిలిచిన దినమునకును నడుమ గడచు కాలమే మన దేశమున పెక్కు ప్రాణములను హరించుచున్నది. ఆ కాలము కలిగినవానికి కొలది దినములు; దినకూలికి సంవత్సరములు. కూలివాడు వైద్యశాలకు పోవుట యనగా ఒక దినపు కూలిని వదలుకొనుట, బస్సు ఖర్చు పెట్టుకొనుట, రక్తపరీక్షకు రుసుము చెల్లించుట, ఫలితము కొఱకు మఱియొక దినపు కూలిని వదలుకొనుట. కావున నొప్పి భరింపరానిదగు వఱకు అతడు కదలడు. కదలిన నాటికి వైద్యుడు చేయగలిగినది స్వల్పము. ఈ నడిమికాలమును తగ్గింపగల సాధన మేదైనను ప్రజలు తమదిగా కోరదగినదే. సూదిపోటు లేకుండ, నెత్తురు తీయకుండ, నోటిలోని ఉమ్మినీటి చుక్కనుండి కాంతి సాహాయ్యమున రోగచిహ్నములను కనిపెట్టు యంత్రములకై నేడు ప్రపంచమంతటను కృషి జరుగుచున్నది. ఆ కృషికి తగిన విద్యయు, పనితనమును, అవసరమును ఒకేచోట కలిసియున్న ప్రదేశము తెలుగునాట ఒకటి గలదు. అది సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతము.

ఎంగిలి యని మనము దూరముంచు ఉమ్మినీరు వైద్యునకు మిక్కిలి విలువైనది. ఆరోగ్యవంతుని నోట దినమునకు అరలీటరు మొదలు ఒకటిన్నర లీటరు వఱకు లాలాజలము ఊఱును. అందు నూటికి 99 పాళ్లు నీరే. మిగిలిన పాలులో లవణములు, జీర్ణరసములు, 2000కు పైగా ప్రోటీనులు, అనగా మాంసకృత్తులు ఉన్నట్లు పరిశోధకులు గుర్తించిరి. వీనిలో కొన్ని నోటి గ్రంథులలోనే పుట్టును. కొన్ని రక్తమునుండి పలుచని పొరలగుండ వడిసి వచ్చును. దేహమున ఎచ్చటనైన వాపు పుట్టినపుడు రక్తమున హెచ్చు సి-రియాక్టివ్ ప్రోటీను జాడ లాలాజలమునను కనబడును. చిగుళ్లు చెడునపుడు వాని పట్టును కరగించు ఎం.ఎం.పి.-8 అను ప్రోటీను అందు పెరుగును. నోటి క్యాన్సరు రోగుల లాలాజలమున ఇంటర్లూకిన్-8 ఆరోగ్యవంతులకంటె హెచ్చుగా నున్నట్లు పెక్కు పరిశోధనలలో తేలినది. ఈ ప్రోటీనులే మనము వెదుకు చిహ్నములు. అయితే అవి అత్యల్పముగా నుండును. వానిని కొలుచుటకు కంటిచూపు చాలదు, కాంతిని పనిలో పెట్టవలయును.

ఆ పని జరుగు తీరును గ్రహించుట కష్టము కాదు. ఒక ప్రోటీనును మాత్రమే పట్టుకొని తక్కినవానిని విడిచిపెట్టు పదార్థములు ప్రకృతిలో గలవు. వానికి యాంటీబాడీలని పేరు. తాళమునకు దాని చెవియే పట్టునట్లు ఒక్కొక్క యాంటీబాడీ తనకు తగిన ప్రోటీనునకే తగులుకొనును. గాజు పట్టకముపై మిల్లీమీటరులో ఇరువదివేలవ వంతు మందముగల బంగారు పూత పూసి, ఆ పూతమీద యాంటీబాడీలను నాటుదురు. పట్టకముగుండ ఒక నిర్ణీతకోణమున కాంతిని పంపినపుడు బంగారములోని ఎలక్ట్రానులు ఆ కాంతి శక్తిని గ్రహించును. మరలివచ్చు కాంతి మసకబాఱును. పూతమీదికి వచ్చిన లాలాజలమునందలి ప్రోటీను యాంటీబాడీకి తగులుకొన్నచో, కాంతి మసకబాఱు కోణము ఇసుమంత జరుగును. ఎంత జరిగెనో కొలిచినచో ప్రోటీను ఎంత గలదో తెలియును. 1983లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని జీవపదార్థముల పరీక్షకు ప్రయోగించిరి. 1990 నాటికి అట్టి యంత్రము అంగడికి వచ్చినది. ఇట్లు జీవపదార్థముతో పట్టి, కాంతితో కొలుచు సాధనములకే ఆప్టికల్ బయోసెన్సరులని పేరు.

బంగారమునకు మఱియొక గుణము గలదు. దానిని అతిసూక్ష్మ కణములుగా చేసి నీటిలో నుంచినచో పసుపువన్నె పోయి ఎఱ్ఱనగును. ఆ కణములు గుమిగూడినచో రంగు నీలిమకు తిరుగును. గర్భనిర్ధారణ పట్టీలమీదను, కోవిడ్ కాలమున ఇంటింట వాడిన పట్టీలమీదను తేలు ఎఱ్ఱని గీత సాధారణముగా ఈ బంగారు కణముల గీతయే. ఉన్నదా లేదా యని పట్టీ చెప్పును. ఎంత యున్నదో యంత్రము చెప్పును. నోటి ద్రవముతో పరీక్ష చేయుట అసాధ్యమను మాటకు ఇపుడు తావు లేదు. చిగుళ్ల వెంబడి ఊఱు ద్రవమున హెచ్.ఐ.వి. యాంటీబాడీలను వెదకు పరీక్షకు 2004లోనే అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగినది. దేహము పుట్టించు యాంటీబాడీలను వెదకుటకంటె, రోగము వెడలగ్రక్కు ప్రోటీను లవలేశమును కొలుచుట కష్టతరము. నేటి కృషి యంతయు ఆ కష్టమును గెలుచుటకే.

దేహద్రవమున కాంతితో రోగమును చదువు విద్య తెలుగువారికి పరాయిది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అందు ఫాస్ఫరసు హెచ్చిన కొలది నీలిరంగు చిక్కనగును. ఆ చిక్కదనమే కొలత. రక్తమునకును మూత్రమునకును ఉపయోగించిన ఆ పద్ధతి వారిద్దఱి పేర నేటికిని ప్రయోగశాలలలో నిలిచియున్నది. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామనుగారు కనుగొనిన కాంతి పరిక్షేపమును, ఆ యేడే వారిని చేరిన సూరి భగవంతముగారు తమ జీవితకార్యముగా స్వీకరించిరి. 1909లో నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాము కళాశాలలో చదివి, పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన ఆ మహనీయుడు మనవాడు. బలహీనమైన రామను కాంతి గరుకైన వెండి తలముమీద అనేకరెట్లు బలపడునని 1974 నాటి ప్రయోగములు చూపినవి. ఆ బలముననే నేడు లాలాజలమునందలి లవలేశములను చదువ యత్నించుచున్నారు.

పూర్వుల పేర్లు తలచుటతో తృప్తినొంద బనిలేదు. సంగారెడ్డి జిల్లాలోనే ఈ విద్య కన్నులయెదుట నున్నది. 1972లో పటాన్‌చెరులో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ వేరుసెనగకు పట్టు బూజువలన పుట్టు అఫ్లటాక్సిన్ అను విషమును పట్టుకొనుటకు యాంటీబాడీలతో పరీక్షలను రూపొందించినది. 2016లో ఆ సంస్థ ప్రకటించిన పట్టీ పావుగంటలోపల, రెండు డాలర్లకు లోబడిన ఖర్చుతో, వందకోట్ల పాళ్లలో 10 పాళ్ల విషమును కనిపెట్టునది. అట్లే 2008లో ఆరంభమై, ఎద్దుమైలారమున కొంతకాలము నడచి, కందిలో స్థిరపడిన హైదరాబాదు ఐ.ఐ.టి. పరిశోధకులు 2018లో పాలకల్తీని గుర్తించు కాగితమువంటి పొరను ప్రకటించిరి. నైలాను నూలుపోగులలో రంగులు కలిపి చేసిన ఆ పొర పాల పులుపును బట్టి రంగు మాఱును. ఆ రంగును సెల్‌ఫోను కెమెరా చదువును. ఇక సుల్తాన్‌పూరున 2017లో శంకుస్థాపన జరిగిన వైద్యపరికరముల పార్కులో గుండె రక్తనాళములలో నమర్చు స్టెంట్లవంటి సున్నితమైన వస్తువులు తయారగుచున్నవి. వేరుసెనగ గింజలోని విషమును, పాలలోని కల్తీని చదువనేర్చిన ప్రాంతము మనుష్యుని నోటినీటిని చదువలేదా?

చదువవలసిన బాధ్యతయు ఈ ప్రాంతమునకే హెచ్చు. 1970ల దశకమునుండి ఇచ్చట కర్మాగారములు వెలసినవి. వానినుండి వెడలిన వ్యర్థజలములు ఇసుకవాగు, నక్కవాగుల వెంబడి మంజీరకు దారితీసినవి. చెఱువులు రంగు మాఱినవి, పొలములు చెడినవి. 1990లో ఈ గోడు సుప్రీముకోర్టు కెక్కినది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టరు అల్లాని కిషన్‌రావుగారు ఈ విషయమున దీర్ఘకాలము పోరాడిరి. 2007లో స్వీడను పరిశోధకుడు లార్సనును ఆయన సహచరులును ప్రకటించిన కొలతలు ప్రపంచమును నివ్వెఱపఱచినవి. సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలములు చేరు ఇచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. మందు వేసికొనిన రోగి రక్తమునందుండు పరిమాణముకంటె అది అధికము! ఆ నీటిని కొలిచిన శాస్త్రమునకు మనము కృతజ్ఞులమే. కాని నీటిని కొలిచినంత శ్రద్ధతో ఆ నీటి యొడ్డున బ్రదుకువారి దేహములను ఏటేట కొలిచినామా? గ్రామస్థుడు దగ్గుచున్నానన్నపుడు, చర్మము చెడినదన్నపుడు, ‘రుజువేది?’ యని అడిగితిమి. రుజువును సేకరించు సాధనమును మాత్రము అతని చేతికీయలేదు.

2025 జూన్ 30న పాశమైలారమున ఒక ఔషధ పదార్థముల కర్మాగారమున విస్ఫోటనము జరిగి 40 మందికి పైగా శ్రామికులు మరణించిరి. వారిలో పెక్కుమంది పొట్టచేతబట్టుకొని దూరరాష్ట్రములనుండి వచ్చినవారు. గుర్తుపట్టరాని దేహములను బంధువులకు అప్పగించుటకై డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసివచ్చినది. మరణించిన శ్రామికుని పేరు కనుగొనుటకు ప్రయోగశాల తలుపు తెఱచుకొన్నది. మంచిదే, అది వారి కుటుంబములకు చేయవలసిన కనీసధర్మము. బ్రదికియున్న శ్రామికుని యూపిరితిత్తులెట్లున్నవో, నోట పుండు ఏల మానకున్నదో చూచుటకు అదే ప్రయోగశాల అంతే త్వరగా తెఱచుకొనవలదా?

ఇంతమాత్రమున లాలాజల పరీక్షను సర్వరోగనివారిణిగా చాటుట మా యుద్దేశము కాదు. అట్లు చాటువారు ప్రజలకు అపకారము చేయుచున్నవారు. రక్తమునందున్న ప్రోటీనులలో చాలభాగము లాలాజలమున నూఱవవంతు, వేయవవంతు మాత్రమే యుండును. ఉదయపు ఉమ్మినీరు సాయంకాలపు దానివంటిది కాదు. భోజనము చేసినవాని నోరు వేఱు, ఉపవాసమున్నవాని నోరు వేఱు. చిగుళ్లనుండి నెత్తురు కాఱుచున్నచో దూరపు అవయవముయొక్క వార్త నోటి వార్తలో కలిసిపోవును. ఉమ్మినీటి జిగురు బంగారు పూతకు అంటుకొని లేని ప్రోటీనును ఉన్నట్లు చూపును. తాంబూలము, గుట్కా, ఖైనీ నమలువాని లాలాజలమున రంగును, సున్నమును చేరి కాంతిని తప్పుదారి పట్టించును. ఇట్టి చిక్కులన్నిటిని దాటినగాని ప్రయోగశాలలో మెఱసిన యంత్రము వైద్యశాలలో నిలువదు.

మఱియొక చిక్కు లెక్కలో గలదు. ఊహకై 10,000 మందిని తీసికొందము. వారిలో 50 మందికి ఒక రోగము గలదనుకొందము. రోగము గలవారిలో నూటికి 90 మందిని పట్టుకొనుచు, లేనివారిలో నూటికి 5 గురిని మాత్రమే పొరపాటున పట్టుకొను యంత్రము మనకు చిక్కినదనుకొందము. వినుటకు అది మంచి యంత్రమే. కాని అది 45 మంది నిజరోగులను చూపుటతో పాటు సుమారు 500 మంది ఆరోగ్యవంతులను సైతము రోగులని చూపును. అనగా యంత్రము వ్రేలు చూపిన ప్రతి పండ్రెండుగురిలో పదునొకండుగురికి రోగము లేదు! ఇక 5 గురు నిజరోగులు నిశ్చింతగా ఇంటికి పోవుదురు. కావున ఇట్టి పరీక్ష వైద్యుని యొద్దకు పొమ్మని చెప్పు తొలిపిలుపే కాని తీర్పు కాజాలదు. ఈ సంగతిని పరీక్ష చేయువాడును చేయించుకొనువాడును మొదటనే యెఱుగవలయును.

అందుచేతనే ఈ యంత్రములను ఎవరి నోటినీటితో పరీక్షించి సరిదిద్దుచున్నారను ప్రశ్న ముఖ్యమైనది. చల్లని గదిలో, చక్కగా పండ్లు తోముకొనిన విద్యార్థుల లాలాజలముతో సరిదిద్దిన యంత్రము, బాయిలరు ప్రక్క రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కార్మికుని నోట తప్పుచెప్పుట నిశ్చయము. ఎవరి కొఱకు పరీక్ష కావలయునో వారి నడుమనే దానిని నిగ్గు తేల్చవలయును. అందులకు వలసిన ఏర్పాట్లకు పునాది ఇచ్చటనే యున్నది. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. రామచంద్రాపురమున కార్మికుల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి గలదు. కంది విద్యాలయమునకు ఇవి దూరము కావు. యంత్రము చెప్పినదానిని దంతవైద్యుడు కంటితో చూచి, అవసరమైనచో ముక్క తీసి పరీక్షించి, యంత్రము ఎచ్చట నిజము చెప్పెనో ఎచ్చట తప్పెనో లెక్కవ్రాసినగాని ఈ విద్య వృద్ధికాదు. తప్పిన లెక్కను సైతము దాచక ప్రకటింపవలయును.

మొదట చేపట్టదగిన రోగమేదియనగా, నోటి క్యాన్సరే యని మా నిశ్చితాభిప్రాయము. 2020లో ప్రపంచమున కొత్తగా గుర్తింపబడిన పెదవి, నోటి క్యాన్సరు రోగులు 3,77,713 మంది యని అంతర్జాతీయ క్యాన్సరు గణాంకములు అంచనా వేసినవి. వారిలో 1,35,929 మంది భారతీయులు. మూడింట ఒక వంతునకు మించిన భారము మనదే. పొగాకును నమలుట దీనికి ప్రధానకారణములలో నొకటి. సుదీర్ఘమైన షిఫ్టులలో నిద్రను ఆకలిని చంపుకొనుటకు నమలువారు కార్మికులలో కొఱతపడరు. రోగము పుట్టు చోటును లాలాజలము ఊఱు చోటును ఒకటే గనుక, దూరపు అవయవముల సంగతికంటె ఇది నమ్మదగియుండును. వైద్యుడు నోరు తెఱిపించి కంటితో సరిచూచుకొనవచ్చును. తొలిదశలో పట్టుకొనిన రోగి బ్రదుకును. ఆలస్యమైనచో దౌడ పోవును, మాట పోవును, ప్రాణము పోవును. ఎక్కడ సులభముగా రుజువుపఱచవచ్చునో, ఎక్కడ ఫలము ప్రాణమే యగునో అచ్చట ఆరంభించుట వివేకము.

ఇప్పుడు మేము అన్నిటికంటె ముఖ్యమనుకొనుచున్న సంగతికి వచ్చుచున్నాము. సూది లేని పరీక్ష చేయించుకొనువానికి సులభము. చేయించువానికి మఱింత సులభము. కర్మాగారపు గేటువద్ద కార్మికులను వరుసగా నిలిపి, ఒక్కొక్కని ఉమ్మినీటిని తీసి, సాయంకాలమునకు ఎవని దేహమున ఏ వాపు గలదో యజమాని బల్లమీదికి చేర్చవచ్చును. కంట్రాక్టు కూలిని రేపటినుండి రావలదని చెప్పుటకు కారణము చూప బనిలేదు. కంట్రాక్టరునకు ఒక మాట చాలును. కర్మాగారపు గాలివలన ఊపిరితిత్తులు చెడినవానిని, ఆ చెడుటను కనిపెట్టిన యంత్రముతోనే పనిలోనుండి తొలగించినచో అంతకుమించిన అన్యాయము వేఱొండుగలదా? గాయపఱచినవాడే గాయమును సాక్ష్యముగా చూపి గాయపడినవానిని వెడలగొట్టినట్లగును. అట్టి భయమున్నచోట కార్మికుడు నోరు తెఱువడు. తెఱచినను నిజము చెప్పడు. ఎంత గొప్ప యంత్రమైనను అచ్చట వ్యర్థము.

ఈ భయమునకు శాసనము ఎంతవఱకు అడ్డునిలుచుచున్నది? భోపాలు దుర్ఘటన పిమ్మట 1987లో సవరింపబడిన ఫ్యాక్టరీల చట్టము, ప్రమాదకర పరిశ్రమలలోని కార్మికుల ఆరోగ్యపత్రములను వ్రాసియుంచవలెననియు, వానిని కార్మికుడు చూచుటకు వీలుండవలెననియు విధించినది. భోపాలు ప్రజలు ప్రాణములిచ్చి తెచ్చిన హక్కది. కాని చూచు హక్కు వేఱు, ఇతరులకు చూపవలదను హక్కు వేఱు. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చేసిన శాసనము సమ్మతి యను మాటను ఉన్నతస్థానమున నిలిపినది; అయినను ఉద్యోగ ప్రయోజనములకును, యజమానిని నష్టమునుండి కాపాడుకొనుటకును సమ్మతి లేకయే సమాచారమును వినియోగించు వెసులుబాటును అదే శాసనము కల్పించినది. ఈ సందుగుండ కార్మికుని ఉమ్మినీరు యజమాని దస్త్రములోనికి పోకుండ ప్రత్యేకమైన కట్టుబాటు కావలసియున్నది.

యజమానులు ఒక మాట చెప్పుదురు. ‘క్రేను నడుపువాడు మూర్ఛపోయినచో పదిమంది ప్రాణములు పోవును, అతని యారోగ్యమును మేము తెలిసికొనవలదా?’ అని. ఈ మాటలో న్యాయము గలదు, కాదనుట తగదు. దానికి సమాధానము సులభము. ఈ పనికి ఇతడు తగియున్నాడా లేదా యన్న ఒక్క మాట వైద్యుని సంతకముతో యజమానికి చేరినచో చాలును. ఏ ప్రోటీను ఎంత యున్నదో, ఏ రోగము రాబోవుచున్నదో యజమానికి అక్కఱలేదు. తగడన్నచో వేఱు పనియు, వైద్యమును, రోగము ఆ పనివలననే వచ్చినచో పరిహారమును కార్మికునకు దొరకవలయును. ఈ మూడును లేని పరీక్ష ఆరోగ్యపరీక్ష యను పేరునకు తగదు.

శాస్త్రజ్ఞులు వేఱొక ఆక్షేపణ చేయవచ్చును. యంత్రము ఇంకను ప్రయోగశాలలోనే యుండగా హక్కుల మాట ఏల, ముందు యంత్రమును పుట్టనిండు అందురు. ఈ ప్రాంతపు చరిత్రయే దానికి ప్రత్యుత్తరము. ఇచ్చట కర్మాగారములు 1970లలో వచ్చినవి. వ్యర్థజలముల ఉమ్మడి శుద్ధికేంద్రము 1990లలో వచ్చినది. నడిమి యేండ్లలో చెడిన చెఱువులు శుద్ధికేంద్రమువలన మరల పూర్వపు చెఱువులు కాలేదు. ముందు వస్తువు, వెనుక కట్టుబాటు అను క్రమమునకు పటాన్‌చెరు చెల్లించిన మూల్యము చాలును. నీళ్లు వచ్చిన తరువాత కట్ట వేయబూనుట కాపు చేయదగిన పని కాదు.

కావున మేము కోరునది స్పష్టము. మొదటిది, కంది విద్యాలయము, సంగారెడ్డి వైద్యకళాశాల, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, కార్మిక సంఘములు, వాగుల యొడ్డునున్న గ్రామపంచాయతులు కలిసి లాలాజల పరీక్షలను నిగ్గుతేల్చు ఉమ్మడి సంఘము నొకదానిని ఏర్పఱచుకొనవలయును. అందు కార్మికులును గ్రామస్థులును నమూనాలిచ్చువారు మాత్రమే కాక నిర్ణయముచేయువారునుగా నుండవలయును. రెండవది, ఫలితము పరీక్షింపబడినవాని సొత్తు. అది తెలుగుననో, హిందీలోనో, ఒడియాలోనో అతడెఱిగిన భాషలో వ్రాయబడి అతని చేతికే అందవలయును. అతని వ్రాతమూలకమైన సమ్మతి లేక యజమానికిగాని, కంట్రాక్టరునకుగాని, భీమా కంపెనీకిగాని పోరాదు. మూడవది, ప్రజాధనముతో నడచు పరిశోధనవలన పుట్టిన యంత్రమును ప్రైవేటు కంపెనీకి ఇచ్చునపుడు, ప్రభుత్వ వైద్యశాలలకు ఏ ధరకు అమ్మవలయునో ఒడంబడికలోనే వ్రాయవలయును. నాలుగవది, పరీక్షలో అనుమానము తోచినవానికి దంతవైద్యునివద్దను క్యాన్సరు వైద్యునివద్దను ముందుగా చోటు ఏర్పఱచినగాని పరీక్ష మొదలిడరాదు. రోగము గలదేమోయని చెప్పి వైద్యము చూపకుండుట క్రూరత్వము.

ఇందు అసాధ్యమైనది ఏదియు లేదు. ఇక్రిశాట్ పరీక్షాపట్టీ వేరుసెనగ కొనువాని గోదాములోనే గాక పండించు రైతు ముంగిటను పనికివచ్చునట్లు రూపొందినది. విషమును అమ్ముడుపోకముందే రైతు తెలిసికొనినచో గింజలను ఏరి, ఆఱబెట్టి, తన పంటను కాపాడుకొనగలడు. కొనువాడే తెలిసికొనినచో ధర తగ్గించుటకది సాకగును. సాధనము ఒక్కటే, అది ఎవరి చేతనున్నదను దానినిబట్టి ఫలము మాఱుచున్నది. గింజ విషయమున గ్రహించిన ఈ సత్యమును మనుష్యుని విషయమున మఱచుట తగునా?

ఔషధములు చేసి ప్రపంచమున కందించుచున్న ప్రాంతమిది. ఇచ్చట తయారైన మందుబిళ్లలు సముద్రములు దాటి తెలియని ఊళ్లలో తెలియని రోగులను బ్రదికించుచున్నవి. ఆ బిళ్లను చేసినవాడు తన రోగమును తాను ఆఖరున తెలిసికొనుట ఈ ప్రాంతమునకు గౌరవము కాదు. రేపు లాలాజల పరీక్షాయంత్రములు సుల్తాన్‌పూరునుండి దేశదేశములకు పోవుగాక, మేమును సంతోషింతుము. అయితే వానిలో మొదటిది పాశమైలారము కార్మికుని కొఱకును, నక్కవాగు ఒడ్డున నున్న రైతుకుటుంబము కొఱకును నిలువవలయును; అది పలికిన మాట మొదట వారి చెవినే పడవలయును. విద్యాలయము పలకలు, వైద్యశాల మంచములు, కర్మాగారపు గేట్లు ఒకదానికొకటి కొలది మైళ్లలోనే యున్నవి. ఆ కొలది మైళ్లను దాటించు పని ప్రభుత్వముది. దాటించువఱకు అడుగుచుండు పని ప్రజలది.